మార్చి 29 ఫ్లేర్: ఎలక్ట్రాన్ల ఖాతాలో ఎంత రాయాలి?

నా దగ్గర ఒక పట్టిక ఉంది. ఒకే ఒక్క సౌర జ్వాల (ఫ్లేర్, సూర్యుడి మీది పేలుడు) కోసం వేసుకున్నది. మొదటి గడిలో చోటు, రెండో గడిలో సమయం, మూడో గడిలో "ఇక్కడ వేడి చేసింది ఎవరు?" అన్న ప్రశ్నకు జవాబు. మొదటిసారి నింపినప్పుడు మూడో గడికి పెద్దగా ఆలోచించలేదు. పైనుంచి కిందిదాకా "ఎలక్ట్రాన్లు, ఎలక్ట్రాన్లు, ఎలక్ట్రాన్లు" అని రాసుకుంటూ పోయాను. పాఠం అలాగే చెబుతుంది, శక్తి లెక్కా సరిపోయింది. ఆ గడులు తర్వాత ఒక్కొక్కటే ఎలా మారాయో ఇక్కడ రాస్తున్నాను.

ఆ జ్వాల 2014 మార్చి 29న వచ్చింది. చోటు 12017వ నంబరు క్రియాశీల ప్రాంతం, సూర్యబింబం మధ్యకూ పడమటి అంచుకూ నడుమ. గోస్ ఉపగ్రహం కొలిచిన సూర్యుడి ఎక్స్‌రే వెలుగు గీత విశ్వ సమయం 17:35కు లేవడం మొదలుపెట్టి 17:48కి కొన తాకింది. తరగతి ఎక్స్1. అంటే 1 నుంచి 8 ఆంగ్‌స్ట్రాంల పట్టీలో భూమి దగ్గర చదరపు మీటరుకు 10⁻⁴ వాట్లు. ఇంతకంటే పెద్దవి చాలానే వచ్చాయి. దీని గొప్పతనమంతా సాక్షుల్లో ఉంది. ఐరిస్ అంతరిక్ష దూరదర్శిని స్లిట్ (విడదీసి చూడాల్సిన కాంతిని లోపలికి రానిచ్చే సన్నని చీలిక) ఆ సమయానికి ఆ చోటి మీదే ఉంది. రెస్సీ ఉపగ్రహం హార్డ్ ఎక్స్‌రేలు (ఎక్కువ శక్తి ఉన్నవి) పట్టింది. హినోడే, ఎస్‌డీఓ ఉపగ్రహాలు చూశాయి. నేల మీద న్యూ మెక్సికోలోని డన్ సౌర దూరదర్శిని కూడా అటే తిరిగి ఉంది. ఎక్స్ తరగతి ఫ్లేర్లలో అంతవరకు ఇంత బాగా గమనించింది మరొకటి లేదని నాసా అప్పట్లో చెప్పుకుంది. ఆ దత్తాంశమంతా బహిరంగంగా దొరుకుతుంది. లూసియా క్లైంట్, మరీనా బట్టాగ్లియా, పీటర్ హైన్జెల్ బృందాలు దీని మీద వరసగా వ్యాసాలు రాశాయి. నేను చేసింది వాళ్ళ దారిలో మళ్ళీ మొదటినుంచి నడిచి, ఎక్కడ కాలు జారుతుందో చూసుకోవడం. జారింది కూడా.

అందరికీ తెలిసిన కథ

కరోనాలో, అంటే సూర్యుడి పలచని బయటి వాతావరణంలో, మెలితిరిగిన అయస్కాంత క్షేత్రం తెగి కొత్తగా అతుక్కున్నప్పుడు బయటపడే శక్తిలో మంచి వాటా ఎలక్ట్రాన్లకు వేగంగా మారుతుంది. అవి పుంజంగా క్షేత్ర రేఖల వెంట లూపు (విల్లులా వంగిన క్షేత్ర రేఖల గొట్టం) రెండు కాళ్ళ గుండా దిగి, కరోనా కింద ఉండే దట్టమైన పొర క్రోమోస్ఫియర్‌ను గుద్దుకుంటాయి. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇకమీదట కేఈవీ అంటాను) ఎలక్ట్రాన్ వేగం సెకనుకు 80,000 కిలోమీటర్లు. 20,000 కిలోమీటర్ల లూపు కాలు దిగడానికి దానికి పావు సెకను చాలు.

గుద్దుకున్న చోట హార్డ్ ఎక్స్‌రేలు పుడతాయి. 1971లో జాన్ బ్రౌన్ చెప్పిన 'థిక్ టార్గెట్' నమూనా దీన్నే లెక్కలో పెట్టింది. ఎలక్ట్రాన్ తన శక్తినంతా ఆ దట్టమైన చోటే ఖర్చు చేసి ఆగిపోతుందనుకుంటే, మనకు చేరిన ఎక్స్‌రే స్పెక్ట్రం (ఏ శక్తి దగ్గర ఎంత ఉందన్న లెక్క) నుంచి వెనక్కి లెక్క కట్టి ఎలక్ట్రాన్ల స్పెక్ట్రం రాబట్టవచ్చు. ఎక్స్‌రే స్పెక్ట్రం వాలు గామా అయితే కిందికి దిగిన ఎలక్ట్రాన్ల వాలు గామా ప్లస్ ఒకటి. చూడ్డానికి ఎంత తేలికగా ఉందో, వాడకంలో అంత జాగ్రత్త కావాలి. ఎందుకంటే ఎలక్ట్రాన్ల శక్తిలో ఎక్స్‌రేగా మారేది దాదాపు లక్షలో ఒక వంతు. మిగతాదంతా అక్కడి వాయువును వేడి చేయడానికే పోతుంది. సమ్మెట చప్పుడు దూరం నుంచి విని దెబ్బ బలం అంచనా కట్టడం లాంటిదే మా పని.

దెబ్బ తిన్న క్రోమోస్ఫియర్ ఏం చేస్తుందన్నది వేడి ఎంత జోరుగా పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నెమ్మదిగా పడితే అది కాంతి రూపంలో వేడిని బయటికి వదిలేసి తట్టుకుంటుంది. కానీ ఈ వదిలే శక్తికి ఒక హద్దుంది. సుమారు లక్ష డిగ్రీల దగ్గర వాయువు అన్నిటికంటే జోరుగా వెలుగుతుంది, ఆ మెట్టు దాటితే వదలడం తగ్గిపోతుంది. ఇక ఉష్ణోగ్రత కట్టు తెంచుకుని కోటి డిగ్రీల వైపు పరుగెత్తుతుంది, పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది, వాయువు పైకి చిమ్ముతుంది, దాని ఎదురు తోపుకు కింది పొర కుంగుతుంది. ఫిషర్, కాన్‌ఫీల్డ్, మెక్‌క్లైమాంట్ 1985లో లెక్కించిన గడప చదరపు సెంటీమీటరుకు సెకనుకు 10¹⁰ ఎర్గుల దరిదాపుల్లో ఉంది. అది దాటితే విస్ఫోటం, దాటకపోతే మెల్లని ఉబ్బు. దీన్ని 'క్రోమోస్ఫియర్ ఆవిరి కావడం' అంటారు. అక్కడున్నది ముందే వాయువు, అందులో ఆవిరయ్యేదేమీ లేదు. పేరు తప్పని అందరికీ తెలుసు, ఎవరూ మార్చలేదు.

పైకి లేచిన ఈ వేడి వాయువే లూపును నింపి సాఫ్ట్, అంటే తక్కువ శక్తి, ఎక్స్‌రేలలో వెలుగుతుంది. అందుకే చాలా ఫ్లేర్లలో హడావిడి దశ (ఎలక్ట్రాన్లు జోరుగా పడే దశ) ఉద్గారాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే సాఫ్ట్ ఎక్స్‌రే గీత ఎక్కిన తీరే కనిపిస్తుంది. వెర్నర్ న్యూపర్ట్ 1968లో మైక్రోవేవ్ పేలుళ్ళను పోల్చి ఈ సంగతి చూపించాడు. ఆ పోలిక కుదిరినప్పుడల్లా "చూశారా, ఎలక్ట్రాన్లే" అనేస్తాం. కాకి వాలిందీ నిజమే, తాటిపండు పడిందీ నిజమే.

ఎవరు ఎంత లోతుకు దిగుతారు

ఇక్కడ కాస్త నిలబడాలి. ఈ కేసంతా దీని మీదే తిరుగుతుంది.

ఎలక్ట్రాన్ ఎంత వేగంగా పోతుంటే పక్క కణాలు దాన్ని అంత తక్కువగా ఆపగలవు. నెమ్మదించేకొద్దీ ప్రతి అడుక్కీ పోగొట్టుకునే శక్తి పెరుగుతుంది. ఫలితంగా ఎలక్ట్రాన్ దాటగల పదార్థం దాని శక్తికి కాక, శక్తి వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకొలతతో నిలువు గొట్టాన్ని ఊహించుకుని అందులోని ప్రోటాన్లను లెక్కపెడితే, అయనీకరణ చెందిన హైడ్రోజన్‌లో ఆ హద్దు సుమారు 2×10¹⁷ ఇంటూ కేఈవీల వర్గం. 10 కేఈవీ ఎలక్ట్రాన్‌కు 2×10¹⁹. 20 కేఈవీకి 8×10¹⁹. 50 కేఈవీకి 5×10²⁰.

ఇప్పుడు ఫ్లేర్ మొదట్లో ఉండే లూపును తీసుకోండి. ఘన సెంటీమీటరుకు 10¹⁰ కణాలు, కాలి పొడవు 2×10⁹ సెంటీమీటర్లు. గుణిస్తే 2×10¹⁹. అంటే 10 కేఈవీ ఎలక్ట్రాన్ సరిగ్గా కాలి అడుగుకు చేరేసరికి ప్రాణం పోగొట్టుకుంటుంది. 20 కేఈవీది అక్కడికి 17 కేఈవీతో దర్జాగా చేరుతుంది. అంతవరకు సరే. కానీ ఒకటి రెండు నిమిషాల్లో పైకి లేచిన వాయువు అదే లూపును నింపి సాంద్రతను 10¹¹కి తీసుకుపోయిందనుకోండి. ఇప్పుడు 32 కేఈవీ లోపు ఎలక్ట్రాన్లేవీ కిందికి చేరవు, దారిలోనే ఆగిపోతాయి. ముందు పడిన ఎలక్ట్రాన్లు లేపిన వాయువే వెనక వచ్చేవాటికి గోడ అవుతుంది. అదే పుంజం మొదటి నిమిషంలో క్రోమోస్ఫియర్‌ను కాచి, మూడో నిమిషంలో లూపు నడుమను కాస్తుంది. పట్టికలో సమయం గడి పెట్టుకోవడానికి ఇదే కారణం. మొదటిసారి ఆ గడిని నేను అలంకారంగానే వాడాను.

కటాఫ్ దగ్గర నా తప్పు

మొదటి ఫిట్‌లో (నమూనా గీతను దత్తాంశానికి కుదర్చడంలో) ఎలక్ట్రాన్ల కింది హద్దు (కటాఫ్), అంటే ఏ శక్తి పైన మాత్రమే లెక్కపెట్టాలన్నది, 10 కేఈవీ దగ్గర వదిలేశాను. కంప్యూటర్ ఒప్పుకుంది. గీత దత్తాంశం మీద చక్కగా కూర్చుంది. వచ్చిన శక్తి చూసి ముచ్చట పడ్డాను కూడా. తర్వాత అదే హద్దును 20 కేఈవీకి జరిపితే ఫిట్ అంతే చక్కగా కూర్చుంది. శక్తి మాత్రం ఎక్కడికో పడిపోయింది.

కారణం దాచిపెట్టినదేమీ కాదు. ఈ ఫ్లేర్‌లో కరోనా మూలం (కరోనాలో వెలిగే వేడి వాయువు) ఉష్ణోగ్రత 2.5 కోట్ల డిగ్రీలు. అంత వేడి వాయువు వెదజల్లే ఎక్స్‌రేలు తక్కువ శక్తుల దగ్గర ఎంత గట్టిగా ఉంటాయంటే, వాటి కింద వేగవంతమైన ఎలక్ట్రాన్ల వంతు ఎంతో కనబడదు. పట్టపగలు చుక్కలు వెతికినట్టే. హద్దు 10 అన్నా, 20 అన్నా స్పెక్ట్రం కాదనదు. కానీ వాలు 5 అయితే హద్దును సగానికి దించగానే ఎలక్ట్రాన్ల సంఖ్య 16 రెట్లు, శక్తి 8 రెట్లు అవుతుంది. స్పెక్ట్రం ఎంత నిటారుగా ఉంటే ఈ వాపు అంత ఎక్కువ. నేను ముచ్చట పడింది ఆ వాపు చూసి.

నన్ను నిజంగా నిలబెట్టింది సంఖ్యల లెక్క. పెద్ద ఫ్లేర్లలో 20 కేఈవీ పైన సెకనుకు 10³⁶ ఎలక్ట్రాన్లు కిందికి దిగుతాయన్నది మామూలుగా చెప్పే అంకె. లూపు ఘనపరిమాణం 10²⁷ ఘన సెంటీమీటర్లు, సాంద్రత 10¹⁰ అనుకుంటే అందులోని మొత్తం ఎలక్ట్రాన్లు 10³⁷. పది సెకన్లలో లూపు ఖాళీ. హద్దును 10 కేఈవీకి దించితే సెకను కూడా పట్టదు. ఖాళీ అవ్వకుండా చూసేది ఎదురు ప్రవాహం. దిగిన ఆవేశానికి బదులుగా కింది నుంచి నెమ్మదైన ఎలక్ట్రాన్లు పైకి కదులుతాయి. ఆ కదలికకూ నిరోధం ఉంటుంది కాబట్టి లూపు దారిలోనే కొంత వేడెక్కుతుంది, దిగే ఎలక్ట్రాన్లు ఆ మేరకు శక్తి పోగొట్టుకుంటాయి. అంటే పుంజం ఎంత పెద్దదని మనం చెబితే, అది కిందికి చేరడం అంత కష్టమని ఒప్పుకోవాలి. రెండూ ఒకేసారి మనకు అనుకూలంగా ఉండవు.

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే: దత్తాంశం ఒప్పుకునే హద్దుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకుని, వచ్చిన శక్తిని 'కనీసం ఇంత' అని రాయడం. 'ఇంత' అని రాయకూడదు. 2015లో ఎడ్వర్డ్ కాంటార్ బృందం చూపించిన 'వార్మ్ టార్గెట్' పద్ధతి ఇంకొంచెం నిజాయితీగా ఉంటుంది. లూపులో ఉన్న వాయువు కూడా వేడిదే కాబట్టి తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు పూర్తిగా ఆగిపోకుండా అందులోనే కలిసిపోతాయి, అలా కలిసినవి కూడా వెలుగుతాయి. లూపు సాంద్రత, ఉష్ణోగ్రత విడిగా తెలిస్తే, ఆ వెలుగు మితిమీరకూడదన్న షరతుతో కటాఫ్‌ను కట్టడి చేయవచ్చు. విడిగా తెలియడమే అన్నివేళలా కుదరదు.

వైశాల్యం సంగతి

సెకనుకు 10³⁶ ఎలక్ట్రాన్లు, సగటున 27 కేఈవీ. గుణిస్తే సెకనుకు సుమారు 4×10²⁸ ఎర్గులు. దీన్ని ఎంత వైశాల్యం మీద పరచాలి? 10¹⁸ చదరపు సెంటీమీటర్ల మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు 4×10¹⁰ వస్తుంది. 10¹⁷ మీద పరిస్తే 4×10¹¹. పోల్చి చూడాలంటే, సూర్యుడి ఉపరితలం మామూలుగా వెలువరించే మొత్తం కాంతి చదరపు సెంటీమీటరుకు సెకనుకు 6.3×10¹⁰ ఎర్గులు. అంటే పాదం (లూపు కాలి అడుగు) చిన్నదైతే, కింది నుంచి సూర్యుడు పంపేదానికి ఆరు రెట్ల శక్తి పై నుంచి పడుతోందన్నమాట.

రెస్సీకి సరైన కెమెరా లేదు. తొమ్మిది జెర్మేనియం డిటెక్టర్ల ముందు జంట జాలీలు పెట్టి, ఉపగ్రహమంతా నాలుగు సెకన్లకొకసారి గిర్రున తిరిగేది. జాలీల నీడ వల్ల వెలుగు ఎలా హెచ్చుతగ్గులైందో చూసి చిత్రాన్ని తిరిగి కట్టాలి. అన్నిటికంటే సన్నని జాలీకి వివరం 2.3 ఆర్క్‌సెకన్లు, సూర్యుడి మీద 1,700 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఐరిస్ దానికంటే ఏడు రెట్లు సూక్ష్మంగా చూస్తుంది. కాబట్టి రెస్సీ చిత్రంలో కనిపించే మచ్చ వైశాల్యం పాదం అసలు వైశాల్యానికి పై హద్దు మాత్రమే. శక్తి కనీసం ఇంత, వైశాల్యం అత్యధికంగా ఇంత: రెండూ కలిస్తే చదరపు సెంటీమీటరు లెక్క 'కనీసం' వైపే నిలుస్తుంది. అదృష్టం కొద్దీ రెండు హద్దులూ ఒకే దిక్కుకు లాగుతున్నాయి. విస్ఫోట గడప దాటిందా అన్న ప్రశ్నకు దక్షిణ రిబ్బన్‌లో (లూపుల పాదాలు వరసగా వెలిగే రెండు పట్టీల్లో దక్షిణపుది) జవాబు నిస్సందేహంగా అవును.

75 సెకన్లు

ఫ్లేర్‌లో రెండు వెలుగు రిబ్బన్లు, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. ఐరిస్ స్లిట్ ఎనిమిది చోట్ల వరసగా ఆగుతూ ఒక చుట్టు పూర్తి చేయడానికి 75 సెకన్లు తీసుకుంది. కోటి డిగ్రీల వాయువుకు గుర్తు 1354.1 ఆంగ్‌స్ట్రాంల దగ్గరి ఇనుము గీత, 20 ఎలక్ట్రాన్లు ఊడిన ఇనుముది. అది నీలం వైపు జరిగితే వాయువు మనవైపు, అంటే పైకి, వస్తోందని అర్థం. రిబ్బన్ మీద ఈ గీతను కొలవడం చిరాకు పని. పక్కనే కార్బన్ గీత ఉంటుంది, రిబ్బన్ వెలిగినప్పుడు సన్న గీతలు ఇంకొన్ని లేస్తాయి. వాటిని తీసేయకుండా ఒకే గాసియన్ (గంట ఆకారపు గీత) వేస్తే వచ్చే వేగం గాలివాటం అంకె.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు ఇంకా చిన్నది, ఇంకా ప్రమాదకరమైనది. ఒక చుట్టు మొత్తానికి ఒకే సమయం వేశాను, చుట్టు మొదలైన క్షణం. కానీ ఎనిమిదో చోటికి స్లిట్ చేరేసరికి నిమిషం దాటిపోయి ఉంటుంది. బట్టాగ్లియా బృందం 2015లో చెప్పిందేమిటంటే, దక్షిణ రిబ్బన్‌లో హార్డ్ ఎక్స్‌రే మచ్చ వెలిగిన చోటే కోటి డిగ్రీల వాయువు పైకి లేచింది, కానీ మచ్చ వెలిగిన 30 నుంచి 75 సెకన్ల తర్వాత. నా గడియారంలో ఆ ఆలస్యం దాదాపు మాయమైంది. ఎలక్ట్రాన్లు పడ్డాయి, ఆ క్షణమే వాయువు లేచింది, కథ అచ్చం పాఠంలా కుదిరింది. కుదిరిందని సంబరపడి రెండు వారాలు దాని మీదే పటాలు గీశాను. ఒక సహోద్యోగి "స్లిట్ ఒకేసారి ఎనిమిది చోట్ల ఎలా ఉందబ్బా?" అని అడిగేదాకా.

సరిచేసిన తర్వాత ఆలస్యం తిరిగి వచ్చింది. అది ఎలక్ట్రాన్లకు వ్యతిరేక సాక్ష్యం కాదు. వాయువు కోటి డిగ్రీలకు ఎక్కాలి, ఇనుము అన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవాలి, గీత కనబడేంత సాంద్రత పోగవ్వాలి. పైగా స్లిట్ ప్రతి చోటికీ 75 సెకన్లకొకసారే తిరిగొస్తుంది. కారణం ముందు, ఫలితం వెనక, చోటు ఒకటే. దక్షిణ రిబ్బన్‌లో ఆ భాగానికి, రెస్సీ మచ్చలు కనిపించిన ఆ రెండు నిమిషాలకు, గడిలో "ఎలక్ట్రాన్లు" అన్న మాట నిలిచింది.

మిగిలిన రిబ్బన్

నిలవనిది మిగతా చోట. ఉత్తర రిబ్బన్‌లోనూ, దక్షిణ రిబ్బన్‌లోనే ఇతర భాగాల్లోనూ ఇదే కోటి డిగ్రీల వాయువు పైకి లేచింది. వేగాలు మొత్తం మీద సెకనుకు 30 నుంచి 200 కిలోమీటర్లు. ఫ్లేర్ కొన దాటి చాలా నిమిషాల తర్వాత కూడా లేస్తూనే ఉంది. అక్కడ ఆ సమయంలో హార్డ్ ఎక్స్‌రే మచ్చ లేదు.

మచ్చ లేదు కాబట్టి ఎలక్ట్రాన్లు లేవు అనేయడం కూడా తొందరపాటే. రెస్సీ చిత్రాల్లో ఒక బలమైన మచ్చ ఉంటే, మామూలుగా దాని పదో వంతు కంటే బలహీనమైనది కనబడదు. దక్షిణ పాదంలో 4×10¹¹ పడుతోందనుకుంటే ఉత్తరాన 4×10¹⁰ పడినా మనకు కనిపించకపోవచ్చు. అది గడపకు నాలుగు రెట్లు! ఫ్లేర్ కొన దశలో ఉత్తర రిబ్బన్ సంగతి కాబట్టి తేలదు. బట్టాగ్లియా బృందం వ్యాసం చదివినప్పుడు నాకు ముందుగా తట్టిన అభ్యంతరం ఇదే, ఇప్పటికీ దాన్ని వదులుకోలేదు. కానీ దిగుడు దశకు ఇది పనిచేయదు. అప్పుడు కళ్ళు చెదిరే మచ్చ ఎక్కడా లేదు, బలహీనమైనది ఉన్నా దాన్ని కమ్మేసేది ఏదీ లేదు. ఆ నిమిషాల్లో వాయువు లేచిందంటే లేపింది మరొకరు.

ఎవరు? 2.5 కోట్ల డిగ్రీల కరోనా మూలం మొత్తం సమయంలోనూ అక్కడే ఉంది. వేడి దానంతటదే క్షేత్ర రేఖల వెంట కిందికి పారుతుంది. ఈ ఉష్ణ వహనం ఉష్ణోగ్రత మూడున్నర ఘాతంతో పెరుగుతుంది, పొడవుతో తగ్గుతుంది. 2.5 కోట్ల డిగ్రీలు, 10⁹ సెంటీమీటర్ల దూరం పెడితే చదరపు సెంటీమీటరుకు సెకనుకు 2×10¹⁰ ఎర్గులు వస్తుంది. నేను మొదటిసారి వేసినప్పుడు సున్నాలు తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ వేశాను. తప్పలేదు. వహనం ఒక్కటే విస్ఫోట గడపను దాటేస్తోంది. అదే ఉష్ణోగ్రత 1.5 కోట్లకు దిగితే ఆరో వంతు, 4×10⁹ కూడా రాదు. దూరం రెట్టింపైతే సగం. వాయువు మరీ పలచగా ఉంటే ఈ సూత్రం వేడిని ఎక్కువ చేసి చూపుతుంది, ఎందుకంటే మోయడానికి అన్ని ఎలక్ట్రాన్లు ఉండవు. ఇవన్నీ తీసేసినా, మెల్లగా ఉబ్బించడానికి సరిపడా మిగులుతుంది. బట్టాగ్లియా బృందం కూడా వహనం వైపే మొగ్గింది, అదీ దిగుడు దశకే పరిమితం కాకుండా కొన దశలోనూ ఉండవచ్చని.

నమూనాలు నడిపేవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఒక లూపును ఒక పుంజంతో కొట్టి చూస్తే పైకి లేచే వేగం త్వరగానే చల్లారుతుంది. కానీ 2014 సెప్టెంబర్ 10 నాటి ఎక్స్1.6 ఫ్లేర్‌లో గ్రాహం, కౌజీ గమనించింది వేరు. రిబ్బన్ మీద ఒక్కో బిందువు దగ్గర సెకనుకు 300 కిలోమీటర్ల దాకా లేచిన వాయువు నెమ్మదించడానికి పది నిమిషాలు పట్టింది, కింది పొర కుంగడం మాత్రం నిమిషంలో ముగిసింది. కుంగడాన్ని పుంజం బాగానే వివరిస్తుంది. పది నిమిషాల తోకకు మాత్రం ఇంకో ఇంధనం కావాలి.

తెల్ల కాంతి

పట్టికలో చివరి వరస. 1859 సెప్టెంబర్ 1న కారింగ్టన్, హాడ్జ్‌సన్ చూసిన మొట్టమొదటి ఫ్లేర్ తెల్ల కాంతిలోనే, అంటే మామూలు కంటికి కనిపించే వెలుగులోనే, కనిపించింది, అంటే సమస్య ఈ రంగమంత పాతది. ఎలక్ట్రాన్లు ఈ వెలుగు మామూలుగా వచ్చే ఫోటోస్ఫియర్ (క్రోమోస్ఫియర్ కింద, మనకు కనిపించే సూర్యుడి ఉపరితలం) దాకా దిగాలంటే పైన చెప్పిన వర్గ సూత్రం ప్రకారం వేల కేఈవీలు కావాలి. అంత శక్తి ఉన్నవి పుంజంలో ఏ మూలకూ చాలవు. 50 కేఈవీ ఎలక్ట్రాన్ క్రోమోస్ఫియర్‌లోనే ఆగుతుంది.

మార్చి 29 ఫ్లేర్‌లో హైన్జెల్, క్లైంట్ ముందుగా చూపించింది ఐరిస్ అతినీలలోహిత పట్టీలో హైడ్రోజన్ బామర్ నిరంతర కాంతి (ఊడిన ఎలక్ట్రాన్లను హైడ్రోజన్ తిరిగి పట్టుకున్నప్పుడు వచ్చే, గీతలుగా విడిపోని వెలుగు) పెరగడం. అది క్రోమోస్ఫియర్ సరుకు. తర్వాత 2016లో క్లైంట్ బృందం దృశ్య, పరారుణ కాంతులను కూడా చేర్చింది. ఆ రెండింటికీ 6,000 నుంచి 6,300 డిగ్రీల వెలుగు సరిపోయింది, అంటే ఫోటోస్ఫియర్ కాస్త వేడెక్కినట్టు. అతినీలలోహితం మాత్రం ఆ గీతకు అందకుండా పైన నిలిచింది. మొత్తం అదనపు కాంతి చదరపు సెంటీమీటరుకు సెకనుకు 4 నుంచి 8×10¹⁰ ఎర్గులు, సూర్యుడి సొంత వెలుగుకు సమానం. దానికి 40 కేఈవీ పైనున్న ఎలక్ట్రాన్లలో చాలావరకు, లేదా 20 కేఈవీ పైనున్నవాటి శక్తిలో పది నుంచి ఇరవై శాతం చాలు. హార్డ్ ఎక్స్‌రేకూ అతినీలలోహిత వెలుగుకూ తేడా 15 సెకన్లు మించలేదు.

ఇక్కడ ఎలక్ట్రాన్లకు అనుకూలంగా శక్తి, చోటు, సమయం మూడూ నిలిచాయి, క్రోమోస్ఫియర్ వరకు. ఫోటోస్ఫియర్‌ను కాచింది మాత్రం ఎలక్ట్రాన్లు నేరుగా కాకపోవచ్చు. పైన పుట్టిన బామర్ కాంతిలో సగం కిందికే పడుతుంది, ఆ వెలుగును పీల్చుకుని కింది పొర వేడెక్కుతుంది. దీనికి సెకన్లు చాలు కాబట్టి 15 సెకన్ల హద్దు దీన్ని కాదనదు. గడిలో "ఎలక్ట్రాన్లు, వెలుగు ద్వారా" అని రాశాను. నన్నడిగితే ఈ పట్టికలో అన్నిటికంటే అందమైన గడి అదే.

రెస్సీ 2018లో పని ఆపేసి, 2023 ఏప్రిల్‌లో భూవాతావరణంలోకి పడిపోయింది. ఇప్పుడు హార్డ్ ఎక్స్‌రే చిత్రాలకు సోలార్ ఆర్బిటర్ వ్యోమనౌక మీది స్టిక్స్ పరికరం ఉంది. ఆదిత్య-ఎల్1 మీది హీలియోస్ పరికరం మొత్తం సూర్యబింబపు స్పెక్ట్రం ఇస్తుంది, చిత్రం ఇవ్వదు. దానితో కటాఫ్ మీద పని బాగా చేయవచ్చు, ఏ రిబ్బన్‌లో పడిందో మాత్రం వేరే చోట వెతుక్కోవాలి.

పట్టికలో ఇప్పుడున్నది ఇది. దక్షిణ రిబ్బన్, మచ్చలు వెలిగిన రెండు నిమిషాలు: ఎలక్ట్రాన్లు. అదే చోట తెల్ల కాంతి: ఎలక్ట్రాన్లు, వెలుగు ద్వారా. ఉత్తర రిబ్బన్, దిగుడు దశ: "ఎలక్ట్రాన్లు" కొట్టేసి, పక్కన "వహనం, 2.5 కోట్ల డిగ్రీలు". ఉత్తర రిబ్బన్, కొన దశ: ఒక ప్రశ్న గుర్తు, దాని కింద చిన్న అక్షరాల్లో 4×10¹⁰.